ఇంటి గుట్టల ఫోటోలు: డిసెంబరులో హైదరాబాద్ వస్తున్నా, ఎక్కడ, ఎలా తీయాలో చెప్పండి

మౌలాలి_పిల్లగాడు · నవంబరు 8, రాత్రి

అందరికీ నమస్తే. నేను ఉండేది దక్షిణ కాలిఫోర్నియాలో. ఇక్కడికి కొన్ని గంటల దూరంలో జాషువా ట్రీ అని ఎడారిలో ఒక నేషనల్ పార్క్ ఉంది. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని అక్కడికే పోతుంటా. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు, ఎప్పుడు పడతాయో అన్నట్టు నిలబడి ఉంటాయి. అక్కడ తీసినవి వాట్సాప్‌లో పెడితే చుట్టాలు "ఖాజాగూడకి ఎప్పుడొచ్చావు?" అని అడుగుతున్నారు. మా పెద్దమ్మ అయితే ఊళ్ళోకి వచ్చి ఇంటికి రాలేదని అలిగింది కూడా.

డిసెంబరు చివర్లో ఇంటికి వస్తున్నా. ఈసారి మన గుట్టల్ని సీరియస్‌గా తీయాలని ఉంది. పోయినసారి తీసినవి నాకే నచ్చలేదు. జాషువా ట్రీలో కెమెరా ఎటు తిప్పినా ఫ్రేమ్ శుభ్రంగా వస్తుంది. మౌలాలిలో ఎటు తిప్పినా ఒక సెల్ టవర్, ఒక నీళ్ళ ట్యాంకు, కరెంటు తీగలు, లేదంటే పెయింటుతో ఎవరో రాసుకున్న జంట పేర్లు. అవన్నీ క్రాప్ చేసి చూస్తే మిగిలింది ఏ దేశంలోదో తెలియని రాయి. మా ఇంటి గుట్ట మాత్రం కాదు.

నా దగ్గర 16-35 (వెడల్పుగా చూపేది), 70-200 (దూరాన్ని దగ్గరకి లాగేది) లెన్సులు ఉన్నాయి. ఏ గుట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి? ఏ టైముకి పోవాలి?

గుట్టలమనిషి · నవంబరు 8, రాత్రి

ముందు లెన్సు సంగతి. 16-35 ఇంట్లో పెట్టేయ్ తమ్ముడూ. రాళ్ళనగానే అందరూ వైడ్ లెన్సు తగిలిస్తారు. ముందున్న గుండు ఫ్రేమంతా ఆక్రమించేస్తుంది, వెనకాల అసలు గుట్ట కుంచించుకుపోతుంది. 70-200 పట్టుకుని బాగా వెనక్కి నడువు. 200 దగ్గర తీస్తే గుండ్లూ, వాటి వెనక రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ అద్దాల టవర్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డట్టు వస్తాయి. నీకు అడ్డం అనిపిస్తున్న ఆ టవరే ఫోటో.

టైము: డిసెంబరు చివర్లో ఇక్కడ సూర్యోదయం 6:40 ప్రాంతంలో. చీకటుండగానే చేరుకోవాలి. అప్పుడు సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, బాగా ఆగ్నేయం వైపు జరిగి వస్తాడు. కాబట్టి ఆగ్నేయానికి ముఖం ఉన్న గుండ్లకే మొదటి ఎండ. ముందు రోజు సాయంత్రం పోయి ఏ గుండు ఎటు చూస్తోందో గుర్తుపెట్టుకో. తొమ్మిది దాటితే మన గ్రానైట్ తెల్లగా పాలిపోతుంది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు గులాబీ రంగు వాలు ఎండలోనో, మబ్బులోనో తప్ప కనపడదు. జూలై, ఆగస్టుల్లో వచ్చేవాడివైతే ఇంకా బాగుండేది. వాన పడ్డాక బండ నల్లబడి, నీళ్ళు కారిన చారలు నిలువునా దిగుతాయి. అప్పుడు పోలరైజర్ ఫిల్టర్ పెడితే తడి మెరుపు పోయి రాతి రంగు బయటపడుతుంది.

ఇక చోట్లు. ఖాజాగూడ గుట్ట ముందు చూడు. ఒకే గుట్ట మీద ఫక్రుద్దీన్ బాబా దర్గా, అనంతపద్మనాభస్వామి గుడి, మెహెర్ బాబా గుహ మూడూ ఉన్నాయి. పొద్దున్నే రాళ్ళెక్కే కుర్రాళ్ళు వస్తారు. అడిగితే ఒకడు గుండు మీద నిలబడతాడు. మనిషి లేకపోతే ఆ గుండు ఆటోరిక్షా అంతదో, నాలుగంతస్తుల మేడంతదో చూసేవాడికి తెలియదు. శిల్పారామంలో 'ఎలుగుబంటి ముక్కు' రాయి ఉంది కానీ గేటు తెరిచేసరికి మెత్తటి వెలుతురు అయిపోతుంది. పుట్టగొడుగు రాయి హైదరాబాద్ యూనివర్సిటీ లోపల ఉంది, బయటివాళ్ళకి అనుమతి కావాలి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టల్లో మిగిలినవి మిగిలాయి. 2020లో కేబుల్ బ్రిడ్జి వచ్చాక అందరి కెమెరాలూ బ్రిడ్జి వైపే.

మీ మౌలాలికి ఒక చిన్న కిటుకు: గుట్ట ఎక్కి తీస్తే ఊరు కనిపిస్తుంది, గుట్ట కనపడదు. ఎదురుగా ఖదమ్-ఎ-రసూల్ గుట్ట ఎక్కి ఇటు తిప్పి తీయి.

నిశ్చల_దృశ్యం · నవంబరు 9

టవర్లు పెట్టి తీస్తే అది ల్యాండ్‌స్కేప్ కాదండీ, స్ట్రీట్ ఫోటోగ్రఫీ. ప్రకృతి దృశ్యంలో మనిషి చేసింది ఏదీ ఉండకూడదని నేను నమ్ముతా. తీగలు తీసేయడానికి ఇప్పుడు ఎడిటింగ్‌లో నిమిషం పట్టదు. రాయి అందం చూపించండి, చాలు.

గుట్టలమనిషి · నవంబరు 9

తీగ తీసేయండి. టవర్ కూడా తీసేయండి. తర్వాత దర్గా మీది పచ్చ జెండా, గుడి మెట్లకి వేసిన సున్నం, ఎర్ర పట్టెలు కూడా తీసేస్తారా? అన్నీ తీసేస్తే మీకు కావాల్సింది అరిజోనాలోనో, జాషువా ట్రీలోనో రెడీగా ఉంది. ఈయన అక్కణ్ణుంచే వస్తున్నాడు కదా.

భూగర్భం · నవంబరు 9, మధ్యాహ్నం

నేను డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఫోటోగ్రఫీ రాదు. కానీ ఈ గుండ్లు ఎలా వచ్చాయో తెలిస్తే ఏం తీయాలో మీకే తోస్తుంది, అందుకని రాస్తున్నాను.

చాలామంది ఈ గుండ్లు ఎక్కడి నుంచో దొర్లి వచ్చి ఆగాయనుకుంటారు, భీముడు పేర్చాడని కథలూ చెబుతారు. ఏదీ ఎక్కణ్ణుంచీ రాలేదు. అంతా ఒకటే బండ. సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట భూమి లోతుల్లో కరిగిన రాయి నిదానంగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న బరువు కోట్ల ఏళ్ళ మీద కొట్టుకుపోతుంటే, అది పైకి వస్తూ నిలువునా, అడ్డంగా పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళలోకి నీరు దిగింది. నీటికి ఫెల్డ్‌స్పార్ మెత్తబడి మట్టి అవుతుంది. చదరంగా ఉన్న దిమ్మెకి మూలల దగ్గర రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి ముందు మూలలు అరుగుతాయి. అలా చదరపు దిమ్మె గుండ్రమవుతుంది. ఇదంతా చాలావరకు మట్టి కిందే జరిగిపోతుంది. తర్వాత వానలు ఆ మట్టిని కడిగేస్తే లోపలి గట్టి గుండ్లు ఉన్నచోటనే ఒకదాని మీద ఒకటి మిగులుతాయి.

జాషువా ట్రీలోనూ జరిగింది ఇదే. అక్కడిదీ గ్రానైట్ జాతి రాయే, మాంజోగ్రానైట్ అంటారు. వయసు మాత్రం సుమారు పది కోట్ల ఏళ్ళే. మన గుట్టల ముందు అది నిన్నటి రాయి. మీ పెద్దమ్మగారు పొరబడడంలో తప్పు లేదు.

ఫోటో తీసేటప్పుడు ఒకటి చూడండి. పై గుండుకీ కింది గుండుకీ మధ్య సందు ఎటు వాలి ఉందో గమనించి, పక్కనున్న ఇంకో దొంతిలో సందు కూడా చూడండి. చాలాసార్లు రెండూ ఒకే వాలులో ఉంటాయి. అంటే ఒకప్పుడు అది ఒకటే పగులు. ఆ రెండు దొంతులూ ఒకే ఫ్రేములో పడితే మధ్యలో లేని బండ కూడా కంటికి కనిపిస్తుంది.

పెన్నాతీరం · నవంబరు 9

హైదరాబాదోళ్ళకి రాయంటే గుండు, గుండంటే రాయి. ఒకసారి కిందికి రండి. మా గండికోట లోయలో గుండ్లు ఉండవు, పొరలుంటాయి. పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటా పోయింది. రెండు వైపులా గోడలు కట్టినట్టు ఎర్రటి బండలు. సార్ చెప్పిన గ్రానైట్ కాదిది, ఇసక పేరుకుని గట్టిపడిన జాతి.

అయితే ఇన్‌స్టాలో చూసేది అంతా ఒకే ఫోటో. అందరూ అదే అంచు బండ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటారు. నేను జమ్మలమడుగు వైపు పుట్టినోణ్ణి, నాకు ఆ ఫోటో చూస్తే ఊరు గుర్తురాదు. నాకు ఊరు గుర్తొచ్చేది నాపరాళ్ళు చూస్తే. మా దిక్కు ఇంటి గచ్చు నాపరాయి, అరుగు నాపరాయి, పాత ఇళ్ళకి కప్పు కూడా నాపరాయే. దొడ్డికి కంచె కావాలంటే బండలు నిలువుగా పాతేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గచ్చు మీద నీళ్ళు చల్లి ఒట్టి వీపుతో పడుకోవాల, అప్పుడు తెలుస్తుంది. దాన్నే బయట 'కడప బండ' అని అమ్ముతారు.

నేను ఇప్పుడు తీస్తున్నది జంట ఫోటోలు. ఒకటి కొండ కోతలో కనపడే పొరలు, ఇంకోటి మా వీధిలో ఒక అరుగు అంచు. పక్కపక్కన పెడతా. లోయ కంటే అరుగు తీయడమే కష్టం. కూర్చున్న ముసలాయన లేవడు, లేవమని అడగలేం, లేస్తే ఫోటో పోతుంది.

అట్లాంటా_వేణు · నవంబరు 9

మాకు ఇక్కడ స్టోన్ మౌంటెన్ ఉంది. అడవి మధ్యలో ఒకటే బోడి బండ, దూరం నుంచి అచ్చం భువనగిరి. శనివారం పొద్దున ఎక్కుతుంటే సగం మంది తెలుగులోనే ఆయాసపడుతుంటారు. ఎక్కేంతసేపూ మనదే అనిపిస్తుంది. దిగి అవతలి వైపు పోతే బండ ముఖం మీద అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు నిలబడ్డ ముగ్గురు నాయకుల్ని గుర్రాల మీద చెక్కి ఉంటుంది, 1972లో పూర్తయింది. అటువైపు నేను ఒక్క ఫోటో కూడా తీయలేదు.

మణికొండ_ఫ్లాట్ · నవంబరు 10

అందరూ గుట్టల మీద ప్రేమ ఒలకబోస్తున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. మా అపార్ట్‌మెంట్ ఉన్నది గుట్ట పేల్చిన చోటే. సెల్లార్ గోడ దగ్గర ఇప్పటికీ కోసిన బండ కనిపిస్తుంది, వానాకాలం అందులోంచి నీళ్ళు ఊరతాయి. మేము లోన్ పెట్టి కొనుక్కున్నాం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్ళకి ఇళ్ళు ఎక్కడ కట్టాలి? ఫోటోల్లో మా బాల్కనీలే విలన్లయితే ఎలా?

బిల్డర్ ఒక గుండు మాత్రం వదిలేశాడు, క్లబ్‌హౌస్ పక్కన. చుట్టూ లాన్ వేసి, రాత్రిళ్ళు పడేలా లైట్లు పెట్టాడు. పిల్లలు దాని మీద జారీ జారీ ఒక వైపు నున్నగా చేసేశారు. మా పాప బొమ్మ గీస్తే ఇంటి పక్కన చెట్టు వేయదు, గుండు వేస్తుంది.

నిశ్చల_దృశ్యం · నవంబరు 10

గుండు చుట్టూ లాన్, ఫ్లడ్ లైట్లు. ఇంకేం చెప్పమంటారు.

రజని_హనుమకొండ · నవంబరు 10, సాయంత్రం

మణికొండ గారి పాప బొమ్మ నాకు నచ్చింది. విలన్ ఎవరూ లేరండీ, కానీ మిగిలిన గుట్టలకి కంచె ఉండాలని అడగడం కూడా తప్పు కాదు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమనే దాకా వచ్చింది కదా వ్యవహారం. అందరూ చెట్ల గురించే మాట్లాడారు, నెమళ్ళ గురించి మాట్లాడారు. రాళ్ళ గురించి అడిగినవాళ్ళు తక్కువ. చెట్టు మళ్ళీ నాటుకోవచ్చు.

నా మటుకు నాకు ఒట్టి రాయి ఫోటో ఇల్లు అనిపించదు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట ఉంది. కాకతీయుల కాలం నుంచి పేరున్న చోటు, బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉంటాయి. ఏడాదంతా ఆ గుట్టని ఎన్ని కోణాల్లో తీసినా ఫోటో ఫోటోగానే ఉంటుంది. సద్దుల బతుకమ్మ రోజు కింద గుండం చుట్టూ వేల మంది ఆడవాళ్ళు చేరతారు. మా అమ్మ, చిన్నమ్మలు అందులోనే ఎక్కడో ఉంటారు. సూర్యాస్తమయం తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. ఆకాశంలో నీలం ఇంకా ఉండగా గుట్ట అంచు గీతలా తేలుతుంది, కింద బతుకమ్మల మీద దీపాలు సరిపోను వెలుతురిస్తాయి. అంతకంటే ముందు తీస్తే దీపాలు కనపడవు, ఆలస్యమైతే గుట్ట చీకట్లో కలిసిపోతుంది. ట్రైపాడ్ పెట్టే చోటు దొరకదు, ఎవరి భుజమో తగులుతూనే ఉంటుంది. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెంచి చేత్తోనే తీయాలి.

ఇంకో మాట. "చీకటుండగా గుట్ట ఎక్కు" అనడం మగవాళ్ళకి తేలిక. నేను ఒక్కదాన్ని అయిదున్నరకి ఖాజాగూడ ఎక్కను. నా ఫోటోల్లో సూర్యోదయాలు తక్కువ, సాయంత్రాలు ఎక్కువ ఉండడానికి కారణం అభిరుచి కాదు.

గుట్టలమనిషి · నవంబరు 10

నిజమే మేడం, ఆ వైపు ఆలోచించలేదు. హైదరాబాద్‌లో 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్ళు గుట్టల మీద నడకలు పెడుతుంటారు, కుటుంబాలతో వస్తారు. మొదటిసారి వెళ్ళే ఎవరికైనా అది మంచి దారి.

సమ్మెట · నవంబరు 11

ఇన్ని పోస్టులు చదివాక రాయాలనిపించింది. మాది వడ్డెర కుటుంబం. తాత, నాయన రాయి కొట్టినవాళ్ళు. మీరు వెతుక్కుంటున్న గుట్టల్లో కొన్నింటిని దించింది మావాళ్ళే. ఎవరికో కోపం వస్తుందని దాచుకునేది కాదు, అది మా బువ్వ.

ఈసారి గుట్ట ఎక్కినప్పుడు దగ్గరగా చూడండి. కొన్ని గుండ్ల అంచున వరసగా సగం సగం రంధ్రాలు కనిపిస్తాయి. ఉలితో, సమ్మెటతో జానెడు జానెడు ఎడంలో గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి వరసగా ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. తొందరపడి ఒకదాన్నే గట్టిగా కొడితే రాయి అడ్డదిడ్డంగా పోతుంది. అన్నింటినీ సమంగా బిగిస్తూ పోతే ఒక దశలో 'టిక్' మని సన్నగా వినిపిస్తుంది. పెద్ద చప్పుడేం ఉండదు. అంతే, రాయి గీత గీసినట్టు రెండవుతుంది. రెండో సగం ఇంటి పునాదిలోకి పోయింది, మొదటి సగం గుట్ట మీద ఉండిపోయింది. పరుపు బండకైతే కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు. వేడికి పై పొర ఉబ్బి కిందిదాన్నుంచి విడిపోతుంది. మంట ఎంత వెడల్పు, ఎంతసేపు అన్నది పెద్దవాళ్ళకే తెలుసు.

నాయన ఇప్పటికీ బండ మీద నడుస్తుంటే చేతికర్రతో కొట్టి చూస్తాడు. ఖంగుమంటే మంచి రాయి, బొదబొదమంటే లోపల పగులు. క్రషర్లు, డ్రిల్లింగ్ మిషన్లు వచ్చాక ఈ పని ఎవరికీ అక్కర్లేదు. వినేవాడు అక్కర్లేదు, పేల్చేస్తే కంకర అవుతుంది.

నిశ్చల_దృశ్యం గారు, తీగలు తీసేస్తే తీసేయండి. ఆ రంధ్రాలు మాత్రం ఎడిటింగ్‌లో పూడ్చకండి. మా ఇంట్లో తాత ఫోటో లేదు. ఆ వరసలే ఉన్నాయి.

భూగర్భం · నవంబరు 11

సమ్మెట గారూ, నేను క్లాసులో పొరలుగా విడిపోయే తీరు గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. మంట పెట్టి లేపడం అదే సూత్రం మీద ఆధారపడింది. మీ నాన్నగారు ఒప్పుకుంటే ఒకసారి కలవాలని ఉంది.

నిశ్చల_దృశ్యం · నవంబరు 11

రంధ్రాల విషయం ఒప్పుకుంటున్నా, అవి రాతిలో భాగమే. సెల్ టవర్ విషయం ఒప్పుకోను. నా దారి నాది.

మౌలాలి_పిల్లగాడు · నవంబరు 12

అడిగింది లెన్సు గురించి, మీరు నాకు ఇంత ఇచ్చారు. సమ్మెట గారూ, మీరు చెప్పాక పోయినసారి తీసిన పాత ఫైళ్ళు తెరిచి జూమ్ చేసి చూశా. మౌలాలిలో మా మేడ మీద నుంచి తీసినదాంట్లో ఎడమ వైపు ఒక గుండుకి వరసగా ఏడు సగం రంధ్రాలు ఉన్నాయి. చిన్నప్పుడు మేం వాటిలో వేళ్ళు పెట్టి ఎక్కేవాళ్ళం. దేవుడు మా కోసమే పెట్టిన మెట్లనుకునేవాళ్ళం.

రెండు ప్రశ్నలు. మొదటిది, ఎక్స్‌పోజర్. టవర్ల అద్దాలు ఎండకి మెరిసి తెల్లగా పోతున్నాయి, గుండ్లు నల్లబడుతున్నాయి. రెండోది, డ్రోన్ తేవచ్చా?

గుట్టలమనిషి · నవంబరు 12

అద్దాలకి కొలిచి తీయి, గుండ్లని రా ఫైల్లో (కెమెరా దాచే ముడి ఫోటో) వెలుగు పెంచి పైకి లేపుకో. లేదంటే రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలుపు, కానీ హెచ్‌డీఆర్ అని మరీ మెరిపించకు, రాయి ప్లాస్టిక్ అయిపోతుంది. అపర్చర్ (లెన్సు తెరుచుకునే సైజు) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉండు. ఎఫ్/16 దాటితే రాతి గరుకుతనం మెత్తబడుతుంది, అసలు మనం తీసేదే ఆ గరుకుతనం.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయ్. బేగంపేట, హకీంపేట రెండు ఎయిర్‌పోర్టులూ మీ మౌలాలికి దగ్గరే. డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) చూసుకోకుండా ఎగరేస్తే ఫోటోలు పోలీస్ స్టేషన్‌లో చూసుకోవాలి. పైగా పై నుంచి చూస్తే గుండ్లన్నీ చదునుగా పడి ఉంటాయి, ఎత్తు పోతుంది.

డిసెంబరు 28 ఆదివారం. ఖాజాగూడలో ఆరింటికి కలుద్దామా? రజని మేడం, నలుగురం ఉంటాం కాబట్టి సూర్యోదయం మీకూ దొరుకుతుంది.

రజని_హనుమకొండ · నవంబరు 12

వస్తా. మా చెల్లెలిని కూడా తీసుకొస్తా, అది పాపం ఫోన్‌తోనే తీస్తుంది, ఎవరూ నవ్వొద్దు.

పెన్నాతీరం · నవంబరు 12

నేను రాలేను. కానీ జనవరిలో ఇటు దిగండి, అరుగు మీద ముసలాయన్ని పరిచయం చేస్తా.

సమ్మెట · నవంబరు 12

నాయన్ని అడిగా. వస్తానన్నాడు. కానీ ఆరింటికి కాదు, టీ తాగనిదే ఇంట్లోంచి కదలడు. ఏడు చేయండి. చెప్పులతో ఎవరూ రాకండి, ఆ పూట మంచుకి బండ జారుతుంది.

గుట్టలమనిషి · నవంబరు 12

ఏడు అంటే మొదటి ఎండ పోతుంది. మేం ఆరింటికి ఎక్కి ఉంటాం, మీరు ఏడింటికి రండి. నాన్నగారికి టీ ఫ్లాస్కులో తెస్తే ముందే బయల్దేరతారేమో అడగండి.

మణికొండ_ఫ్లాట్ · నవంబరు 13

నన్ను ఎవరూ పిలవలేదు కానీ నేనూ వస్తున్నా, పాపతో. తర్వాత అందరూ మా క్లబ్‌హౌస్‌కి రండి, టిఫిన్ నాది. గేటు దగ్గర సెక్యూరిటీకి పేర్లు ఇవ్వాలి, ఎవరెవరు వస్తున్నారో 26 లోపు చెప్పండి.